ఓరుగల్లు నుంచి నౌకావిహారం: భోజనం, గది, బీమా

వరంగల్‌కు సముద్రం దూరం. గోదావరి ఉమ్మడి జిల్లా అంచున పారుతుంది గాని ఊరిని తాకదు. ఇక్కడివాళ్ళకు నీళ్ళంటే మొదట చెరువులే. కాకతీయుల కాలంలో కట్టిన పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు ఇప్పటికీ పొలాలకు నీళ్ళిస్తూనే విహారస్థలాలుగానూ మారాయి. ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలోని లక్నవరంలో పడవెక్కి ద్వీపం చేరుకోవడం, అక్కడి కాటేజీలో ఒక రాత్రి గడపడం ఈ ప్రాంతంలో ఎన్నో కుటుంబాలకు తొలి జలవిహారం. ఆ తరవాతి మెట్టు గోదావరిపై పాపికొండల లాంచీ యాత్ర, లేదా కృష్ణపై నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం వెళ్ళే లాంచీ. ఆ పైన విశాఖపట్నం, చెన్నై, ముంబై రేవుల నుంచి బయలుదేరే సముద్ర నౌకలు. పిల్లలు అమెరికాలో స్థిరపడిన ఇళ్ళలోనైతే అమ్మానాన్నలు నేరుగా మయామీలోనో గాల్వెస్టన్‌లోనో ఓడ ఎక్కుతున్నారు.

ఎక్కడ ఎక్కినా ప్రయాణానికి ముందు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే: భోజనం ఏం పెడతారు, గది ఎలా ఉంటుంది? బీమా సంగతి అడిగేవాళ్ళు తక్కువ. టికెట్ ధరలో ఈ మూడూ కలిసే ఉన్నాయని చాలామంది అనుకుంటారు. మొదటి రెండూ సాధారణంగా ఉంటాయి. మూడోది ఎంత ఉందో, ఎవరికి వర్తిస్తుందో విచారించి తెలుసుకోవాలి. 2019లో గోదావరిపై కచ్చులూరు దగ్గర జరిగిన బోటు ప్రమాదం తరవాత వరంగల్‌లో ఈ విచారణ అనవసరమని ఎవరూ అనలేరు.

ఎక్కే రేవులు

వరంగల్ నుంచి పాపికొండలకు రెండు దారులు. ఒకటి భద్రాచలం మీదుగా. రైల్లో అయితే డోర్నకల్ జంక్షన్ నుంచి కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్ స్టేషన్‌కు చేరి, అక్కడి నుంచి బస్సులో భద్రాచలం వెళ్ళాలి. రోడ్డు మార్గంలో ములుగు, ఏటూరునాగారం మీదుగానూ వెళ్ళవచ్చు. భద్రాచలం దాటాక వీఆర్ పురం మండలం పోచవరం రేవులో బోటు ఎక్కుతారు. ఈ మండలం 2014లో పోలవరం ప్రాజెక్టు ముంపు ప్రాంతంగా ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. కనుక వరంగల్ ప్రయాణికుడు తెలంగాణలో బస్సెక్కినా బోటెక్కేది పక్క రాష్ట్రంలో. అనుమతులు, తనిఖీలు, ప్రమాదం జరిగితే పరిహారం అన్నీ ఆ రాష్ట్ర యంత్రాంగం చేతిలోనే ఉంటాయి. రెండో దారి రాజమహేంద్రవరం వైపు నుంచి. పోలవరం కట్టడం మొదలయ్యాక అక్కడి బోట్లు ప్రాజెక్టుకు ఎగువన, గండిపోచమ్మ గుడి దగ్గరి రేవు నుంచి బయలుదేరుతున్నాయి. రెండు వైపుల బోట్లూ పేరంటపల్లి వరకు వస్తాయి. అక్కడి శివాలయం, ఆశ్రమం చూసుకుని వెనుదిరుగుతాయి. గోదావరికి వరద వస్తే యాత్ర ఆపేస్తారు. కార్తిక మాసం నుంచి వేసవి మొదటి వరకు రద్దీ ఎక్కువ.

సముద్రం వైపు విశాఖపట్నం దగ్గరి దారి. కాజీపేటలోనో వరంగల్‌లోనో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి అక్కడుంటారు. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ ‘ఎంప్రెస్’ నౌక తొలిసారి విశాఖ వచ్చి పుదుచ్చేరి, చెన్నైలకు యాత్ర సాగించింది. 1990లో కట్టిన ఈ ఓడకు 11 అంతస్తులున్నాయి. బరువు లెక్కలో 48,563 గ్రాస్ టన్నులు. పోల్చి చూస్తే, అప్పటికి ప్రపంచంలో పెద్దదైన ‘ఐకాన్ ఆఫ్ ద సీస్’ 2024 జనవరిలో యాత్రలు మొదలుపెట్టింది. దానికి 20 అంతస్తులు, నిండితే 7,600 మంది ప్రయాణికులు పడతారు. విశాఖలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌ను 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. టెర్మినల్ ఉన్నంత మాత్రాన ఏడాది పొడవునా ఓడ ఉండదు. తూర్పు తీర యాత్రలు కొన్ని నెలలకే పరిమితం కనుక తేదీలు చూసుకునే రైలు టికెట్ తీసుకోవాలి.

భోజనం

పాపికొండల బోటులో తిండి టికెట్‌లోనే కలిసి ఉంటుంది. పొద్దున ఉప్మానో ఇడ్లీనో, మధ్యాహ్నం శాకాహార భోజనం, సాయంత్రం టీ, ఏదైనా చిరుతిండి. భోజనమంటే అన్నం, పప్పు, ఒక కూర, సాంబారు, పెరుగు. కొన్ని బోట్లలో పులిహోర, తీపి అదనం. బోటులో మాంసాహారం సాధారణంగా వండరు. అది తినాలనుకునేవాళ్ళకు పేరంటపల్లి, కొల్లూరు ఒడ్డున కొండరెడ్లు, ఇతర గిరిజనులు అమ్మే బొంగులో చికెన్ ఉంటుంది. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, ఆకులతో మూతి మూసి నిప్పుల మీద కాలుస్తారు. నూనె వేయరు, నీళ్ళు పోయరు. ఈ యాత్రలో నిజంగా ఆ నేలకు చెందిన రుచి ఇదొక్కటే. బోటువాడి సాంబారుకు వంక పెట్టడం కన్నా ఆ బొంగు కొనుక్కోవడం మంచిది. ఆ డబ్బు అక్కడి ఇళ్ళకే చేరుతుంది.

వంట బోటులోనే సాగుతుందని ప్రయాణికులు గుర్తుంచుకోవాలి. గ్యాస్ సిలిండరు, జనరేటరు, ఏసీ, డీజిల్ ఒకే కప్పు కింద ఉంటాయి. 2018 మే నెలలో దేవీపట్నం ప్రాంతంలో పర్యాటకుల బోటు ఒకటి మంటల్లో కాలిపోయింది. సరంగు వెంటనే ఒడ్డుకు చేర్చడం వల్ల ప్రయాణికులంతా ప్రాణాలతో బయటపడ్డారు. మంటలార్పే సిలిండరు ఎక్కడుందో బోటెక్కగానే చూసుకోవడం, వడ్డన సమయంలో అందరూ ఒకే వైపుకు చేరకుండా ఉండటం మర్యాదకు మించిన అవసరాలు. జనమంతా ఒక పక్కకు ఒరిగితే చిన్న బోటు సమతూకం చెడుతుంది.

సముద్ర నౌకలో తిండి లెక్క వేరు. టికెట్‌లో రెండు రకాల భోజనం ఉంటుంది: ఎవరికి కావలసింది వాళ్ళు వడ్డించుకునే బఫే, బల్ల దగ్గరికి తెచ్చిపెట్టే పెద్ద భోజనశాల. ఇవి కాక ఓడలోని ప్రత్యేక హోటళ్ళలో తింటే విడిగా డబ్బు కట్టాలి. మద్యం, శీతల పానీయాలు, సీసా నీళ్ళు చాలా ఓడల్లో అదనం. సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసి శుద్ధి చేసిన తాగునీరు మాత్రం ఉచితంగా దొరుకుతుంది. భారతీయ తీరం నుంచి నడిచే కార్డీలియాలో శాకాహారం, జైన భోజనం విడిగా ఉంటాయి. విదేశీ ఓడల్లో శాకాహారులు బుకింగ్ అప్పుడే ఆ మాట రాయించాలి. ఎక్కిన మొదటి రాత్రి భోజనశాల పర్యవేక్షకుడికి మళ్ళీ చెప్పాలి. అలా చెప్పినవాళ్ళకు మర్నాటి నుంచి పప్పు, కూర, రొట్టె, అన్నం విడిగా వండి పెట్టడం పెద్ద సంస్థల ఓడల్లో మామూలే. చెప్పకుండా బఫేలోకి వెళ్తే సలాడ్, బ్రెడ్, బంగాళాదుంపలతో సరిపెట్టుకోవలసి వస్తుంది. అది ఓడ తప్పు కాదు.

మన ప్రయాణికులు చాలామంది చేసే ఏర్పాటు ఒకటుంది. పెట్టెలో ఎలక్ట్రిక్ రైస్ కుక్కరు, కెటిల్ పెట్టుకుంటారు. వేడి పుట్టించే పరికరాలు గదిలో నిషిద్ధం. సామాను స్కానింగ్‌లో పట్టుకుని దిగేదాకా తమ దగ్గర ఉంచుకుంటారు. ఇస్త్రీపెట్టెదీ అదే గతి. నడిసముద్రంలో అన్నిటికన్నా భయం నిప్పు కనుక ఈ నిషేధం సబబైనదే. కంపెనీ ముద్ర ఉన్న మూతపెట్టిన ఆవకాయ, గోంగూర పచ్చళ్ళు, కారప్పొడి, జంతికల పొట్లాలను సాధారణంగా రానిస్తారు. ఇంట్లో వండి డబ్బాల్లో పెట్టుకున్న కూరలను రానివ్వరు. ఓడలోని పండును రేవులో దిగేటప్పుడు జేబులో వేసుకుని వెళ్తే కొన్ని దేశాల్లో జరిమానా పడుతుంది.

ఓడలో అందరూ ఒకే వంటశాల తిండి తింటారు, ఒకే మెట్ల కమ్మీలు పట్టుకుంటారు. వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ ఒకరికొస్తే గంటల్లో పాకుతుంది. చేతులకు రాసుకునే శానిటైజర్ దానిపై అంతగా పనిచేయదు, సబ్బుతో కడుక్కోవాలి. అమెరికా రేవులకు వచ్చే ఓడలను అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ అధికారులు చెప్పకుండా వచ్చి తనిఖీ చేస్తారు. నూటికి 86 మార్కులు వస్తేనే పాసైనట్లు. ఏ ఓడకు ఎన్ని వచ్చాయో అందరూ చూసేలా ప్రకటిస్తారు. టికెట్ కొనేముందు ఆ పట్టిక చూడటం మెనూ చూడటం కన్నా ఉపయోగం.

గది

వెనకటి తెలుగువాళ్ళ సముద్రయానంలో గది అనే మాటే లేదు. కాకినాడ, విశాఖ రేవుల నుంచి రంగూన్ వెళ్ళిన కూలీలు స్టీమరు డెక్కు మీదే పడుకుని, అక్కడే తిని బర్మా చేరారు. బర్మాలో వాళ్ళను కోరంగివాళ్ళని పిలిచేవారు. గది మొదటి తరగతి దొరలది. నేడు నౌకావిహారంలో కనీసపు టికెట్ కొన్నవారికీ తలుపు, మంచం, స్నానాల గది ఉంటాయి.

గదులు నాలుగు తరగతులు. కిటికీ లేని లోపలి గది అన్నిటికన్నా చవక. తరవాతది తెరవడానికి వీలులేని అద్దం ఉన్న సముద్రపు వైపు గది. ఆ పైన బాల్కనీ గది, చివరికి విడి హాలుండే సూట్. ధర మనిషికి ఇంత అని ప్రకటిస్తారు గాని, అది గదిలో ఇద్దరుంటారన్న లెక్క మీద వేసింది. ఒక్కరే వెళ్తే దాదాపు ఇద్దరి డబ్బూ కట్టాల్సి రావచ్చు. ముగ్గురు నలుగురు సర్దుకునే గదుల్లో మూడో మనిషికి గోడకో కప్పుకో మడిచి ఉంచిన పైబెర్తు దించుతారు. పెద్దవాళ్ళను అది ఎక్కమనకూడదు. ఓడ ఊగినప్పుడు కడుపులో తిప్పేవాళ్ళకు కింది అంతస్తుల్లో మధ్య భాగంలోని గది నయం. ముందు కొస, పై అంతస్తులు ఎక్కువ ఊగుతాయి. నాట్యశాల కిందా, వంటశాల పైనా ఉన్న గదుల్లో నిద్ర తక్కువ. తక్కువ ధరకు ‘ఏ గది ఇస్తే అది’ అనే టికెట్లు కూడా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్న తల్లిదండ్రులకు ఆ రకం కొనవద్దు, లిఫ్టుకు ఎంత దూరం పడుతుందో ముందు తెలియదు.

లోపలి గది చవకే గాని, దాని అసలు పరీక్ష 2020 ఫిబ్రవరిలో యోకొహామా రేవులో జరిగింది. ‘డైమండ్ ప్రిన్సెస్’ ఓడలో కోవిడ్ బయటపడగా, 3,711 మంది ఉన్న ఆ ఓడను రేవులోనే ఆపేసి ప్రయాణికులను గదులు దాటనివ్వలేదు. 700 మందికి పైగా వ్యాధి సోకింది. కిటికీ లేని గదుల్లోవాళ్ళు రోజుల తరబడి పగలూ రాత్రీ తేడా తెలియకుండా గడిపారు. గదిలో నిర్బంధించిన రోజులకు పరిహారమిచ్చే అంశం ఆ తరవాతే ప్రయాణ బీమా కొనేవాళ్ళ దృష్టికి వచ్చింది.

నదిపై విలాసపు గదులున్న నౌక ‘గంగా విలాస్’. 2023 జనవరి 13న వారణాసిలో బయలుదేరి బంగ్లాదేశ్ మీదుగా దిబ్రూగఢ్ చేరింది. 18 సూట్లు, 36 మంది ప్రయాణికులు. గోదావరిపై అలాంటిది లేదు. పాపికొండల యాత్రలో రాత్రి బస అంటే కొల్లూరు ఇసుక తిన్నెల మీది వెదురు గుడిసెలు. నేల మీద పరుపు, ఉమ్మడి మరుగుదొడ్లు, ఒడ్డున చలిమంట. వాటిని హోటల్ గదితో పోల్చేవాళ్ళు వెళ్ళకపోవడమే మంచిది.

బోటులోనే కింది అంతస్తున అద్దాలు బిగించిన ఏసీ హాలుంటుంది. పై డెక్కు కన్నా దానికి ధర ఎక్కువ. ఎండకు అది హాయి. కానీ బోటు ఒరిగినప్పుడు మూసిన గదే ఉచ్చు అవుతుంది. 2018 మే 15న కొండమొదలు నుంచి వస్తున్న లాంచీ మంటూరు దగ్గర గాలివానకు మునిగింది. వాన కొట్టకుండా తలుపులు, కిటికీలు మూసుకున్నవాళ్ళు లోపలే చిక్కుకుపోయారు. సీటు ఎంచుకునేటప్పుడు చల్లదనం కన్నా తలుపు ఎంత దగ్గరో చూడాలి.

కచ్చులూరు, 2019 సెప్టెంబరు 15

ఆ ఆదివారం ‘రాయల్ వశిష్ఠ’ బోటు గండిపోచమ్మ రేవు నుంచి పాపికొండలకు బయలుదేరింది. సిబ్బందితో కలిపి 77 మంది ఉన్నారు. గోదావరిలో అప్పటికి సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద ఉంది. దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర నది మలుపు తిరిగి ఇరుకవుతుంది, సుడులు తిరుగుతుంది. మధ్యాహ్నం అక్కడే బోటు మునిగింది. ఒడ్డునున్న గిరిజనులు తమ పడవల్లో వెళ్ళి అందినవాళ్ళను అందినట్లు లాగారు. 26 మంది బతికారు. 51 మంది చనిపోయారు లేదా ఆచూకీ లేకుండా పోయారు. బతికినవాళ్ళలో ఎక్కువమందిని కాపాడింది ఒంటి మీదున్న లైఫ్ జాకెట్టు, కచ్చులూరువాళ్ళ చేతులు.

కాజీపేట పక్కన ఉన్న కడిపికొండ నుంచి 14 మంది ఆ బోటులో ఉన్నారు. ఐదుగురే ఇంటికి తిరిగొచ్చారు. కొన్ని కుటుంబాలు నెల దాటేదాకా గోదావరి గట్టున ఎదురుచూశాయి. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్ళతో పలుసార్లు ప్రయత్నించి అక్టోబరు 22న బోటును ఒడ్డుకు లాగింది. అందులో మరికొన్ని మృతదేహాలు దొరికాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మృతుల కుటుంబాలకు 10 లక్షల రూపాయల చొప్పున, తెలంగాణ ప్రభుత్వం తమ రాష్ట్రం వారికి 5 లక్షల చొప్పున ప్రకటించాయి. ఇవి ప్రభుత్వాలు దయతో ఇచ్చినవి. ప్రయాణికుడికి హక్కుగా రావలసిన బీమా వేరు. ఆ రెంటి మధ్య తేడాను మన పత్రికలు అప్పుడు స్పష్టంగా చెప్పలేదు. చెప్పి ఉండవలసింది.

ప్రమాదం తరవాత బోట్లను చాలాకాలం ఆపేశారు. గండిపోచమ్మ, పోచవరం, పేరంటపల్లి వంటి చోట్ల కంట్రోల్ రూములు పెట్టి, పోలీసు, రెవెన్యూ, జలవనరులు, పర్యాటక శాఖల తనిఖీ తరవాతే బోటును వదిలే పద్ధతి తెచ్చారు.

బీమా

సముద్రంలో జరిగే నష్టం ఎవరు భరించాలన్న ప్రశ్నకు ఓరుగల్లు నుంచే ఒక పాత జవాబుంది. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం నేటి బాపట్ల జిల్లాలోని ఆ ఊరి వీరభద్రాలయంలో ఉంది. తుపానుకు చెదిరి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకును అంతకుముందు రాజులు స్వాధీనం చేసుకునేవారు. ఇకపై నిర్ణీత సుంకం తప్ప మిగతాదంతా యజమానులకే విడిచిపెడతామని గణపతిదేవుడు ప్రకటించాడు. సుంకం ముప్పయింట ఒకటి. ప్రాణాలకు తెగించి సముద్రం దాటేవాళ్ళకు రాజు మాట ఇచ్చి రాతి మీద చెక్కించడం చిన్న విషయం కాదు. బీమా పత్రం చేసేదీ అదే పని: కష్టం రాకముందే బాధ్యత ఎవరిదో రాసిపెట్టడం.

నదీ నౌకలకు ఇప్పుడు వర్తించేది 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం. ఇది 1917 చట్టం స్థానంలో 2022లో అమల్లోకి వచ్చింది. యంత్రంతో నడిచే బోటుకు సర్వే, రిజిస్ట్రేషన్‌తో పాటు బీమా కూడా తప్పనిసరి. సర్వే పత్రంలో ఎంతమందిని ఎక్కించవచ్చో రాసి ఉంటుంది. ఇది బోటు యజమాని బాధ్యతకు సంబంధించిన బీమా. ఎక్కువమందిని ఎక్కించినా, గడువు తీరిన పత్రంతో నడిపినా బీమా సంస్థ అభ్యంతరం చెప్పే వీలుంది. అంటే ప్రయాణికుడు అదనపు మనిషిగా బోటెక్కితే తన పరిహారాన్నే ప్రమాదంలో పెట్టుకున్నట్లు. టికెట్ కౌంటరులో సర్వే పత్రం చూపించమని అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

సొంత పాలసీలు వేరే ఉన్నాయి, పల్లెల్లోనూ ఉన్నాయి. బ్యాంకు ఖాతాలో ఏడాదికి 20 రూపాయలు కోసుకునే ప్రధానమంత్రి సురక్షా బీమా ప్రమాద మరణానికి 2 లక్షలిస్తుంది, నీటి ప్రమాదాలకూ వర్తిస్తుంది. 18 నుంచి 70 ఏళ్ళవాళ్ళు చేరవచ్చు. తెలంగాణలో పట్టాదారు రైతులకు 2018 నుంచి ఉన్న రైతుబీమా 18 నుంచి 59 ఏళ్ళ వారికి, మరణ కారణం ఏదైనా 5 లక్షలు చెల్లిస్తుంది. ఈ రెండూ ఉన్న మనిషి కుటుంబం కూడా ఉన్న సంగతి తెలియక అడగకుండా ఉండిపోతుంది. రైలు టికెట్ ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు పైసల్లో వచ్చే 10 లక్షల బీమా రైలు ప్రయాణానికే. స్టేషను దాటి బోటెక్కాక అది పనిచేయదు.

సముద్రంపై వైద్యం ఖర్చే పెద్ద గండం. ఓడలో డాక్టరు, చిన్న ఆసుపత్రి ఉంటాయి. ఫీజు గది ఖాతాలో పడుతుంది, దిగేముందు కట్టాలి. ఆరోగ్యశ్రీ కార్డు నెట్‌వర్క్ ఆసుపత్రుల్లో పనిచేసేది, ఓడలో కాదు. దేశంలో తీసుకున్న మామూలు ఆరోగ్య పాలసీల్లో ఎక్కువభాగం దేశం దాటాక ఆగిపోతాయి. గుండెనొప్పి వచ్చిన మనిషిని ఓడ నుంచి హెలికాప్టరులో ఒడ్డుకు చేర్చాలంటే లక్షల రూపాయలవుతాయి. అందుకని ప్రయాణ బీమాలో చూడాల్సిన మొదటి అంశం వైద్య తరలింపు. రెండోది ముందునుంచి ఉన్న జబ్బులు. షుగరు, బీపీ దాచిపెట్టి పాలసీ తీసుకుంటే క్లెయిమ్ దగ్గర దొరికిపోతారు. సామాను పోవడం, విమానం ఆలస్యమై ఓడ తప్పిపోవడం ఆ తరవాతివి. వాతావరణం బాగోలేక ఓడ ఒక రేవును వదిలేసి వెళ్తే టికెట్ ఒప్పందం ప్రకారం సంస్థ సాధారణంగా పరిహారం ఇవ్వదు. బయలుదేరే తేదీ దగ్గరపడే కొద్దీ రద్దు చేసుకుంటే తిరిగొచ్చే డబ్బు తగ్గుతూ, చివరి వారాల్లో ఏమీ రాదు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళిన తల్లిదండ్రుల విషయంలో ఒక చిక్కు ఉంది. వాళ్ళకు కొనే విజిటర్ ఇన్సూరెన్స్ అమెరికా గడ్డ మీది చికిత్స కోసం ఉద్దేశించినది. కరీబియన్ ఓడ ఎక్కితే అది ఎంతవరకు వర్తిస్తుందో పాలసీ పత్రంలో వెతకాలి. చాలా పాలసీల్లో ఓడలో చికిత్సకు, దేశం బయటికి విహారానికి పరిమితులుంటాయి. వీసా బహుళ ప్రవేశానిదో కాదో కూడా అప్పుడే చూసుకోవాలి.

అంతర్జాతీయ యాత్రల్లో ఓడ సంస్థ బాధ్యతను నిర్ణయించేది ఏథెన్స్ ఒప్పందం. 2002లో సవరించి 2014లో అమల్లోకి తెచ్చిన రూపంలో, దాన్ని అంగీకరించిన దేశాల ఓడలు ప్రయాణికుల కోసం బీమా ఉంచుకోవాలి. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో ‘కోస్టా కాన్‌కోర్డియా’ ఒరిగి 32 మంది చనిపోయాక మరో నియమం వచ్చింది. ఓడ కదలకముందే, లేదా కదలగానే ప్రయాణికులందరికీ ప్రమాద సమయంలో ఎక్కడ చేరాలో చూపే కసరత్తు జరిపించాలి. దానికి రానివాళ్ళను ఓడ నుంచి దింపేసే అధికారం కెప్టెనుకు ఉంది.

క్లెయిమ్‌కు ఆధారం కాగితాలే. నది ప్రమాదాల్లో అన్నిటికన్నా కష్టమైనది దేహం దొరకనివాళ్ళ కుటుంబాల పరిస్థితి. ఏడేళ్ళపాటు ఆచూకీ లేని మనిషిని చనిపోయినట్లు భావించవచ్చని మన సాక్ష్య చట్టం చెబుతుంది. అంతకుముందే మరణ ధ్రువీకరణ కావాలంటే ఆ మనిషి బోటులో ఉన్నాడని ముందు రుజువు కావాలి. బోటు యజమాని రాసే ప్రయాణికుల జాబితాలో పూర్తి పేరు, ఊరు, వయసు, ఫోను నంబరు అందుకే రాయించాలి. ఒక కుటుంబం మొత్తాన్ని ఒక పేరు కింద ‘ప్లస్ ఆరుగురు’ అని రాయనివ్వకూడదు. చంటిపిల్లల పేర్లూ ఉండాలి. టికెట్ ఫొటో తీసి బోటెక్కకముందే ఇంటికి పంపాలి. పాలసీ నంబర్లు, నామినీ పేరు, బ్యాంకు పాసుబుక్కు నకలు ప్రయాణానికి రాని బంధువు ఒకరి దగ్గర ఉంచాలి. భార్యాభర్తలు ఒకరికొకరు నామినీలై ఇద్దరూ ఒకే బోటెక్కుతుంటే, మరో నామినీ పేరు ముందే చేర్పించుకోవాలి.